బడి బీరువా తాళపుచెవి

ఈ పత్రికలో మేము ఇంతవరకు వ్రాసినవి చాలవరకు పాఠ్యపుస్తకములను గూర్చియు, తెలుగు ఉపాధ్యాయుల ఖాళీలను గూర్చియు, సంఘ భవనపు మరమ్మతులను గూర్చియు. ఈ వారము వ్రాయబూనినది వేరు విషయము. మన పిల్లలలో కొందరు మందు లేనిదే బడిలో ఒక పూట గడుపజాలరు. ఆ మందు ఎవరి చేతిలో నుండవలెను, ఎవరు ఇయ్యవలెను, ఎవరికి తెలియవలెను అనుదానిని మనము నేటివరకు ఒక ప్రశ్నగా ఎంచలేదు. ఎంచనివారిలో మేము మొదటివారము. కావున మా తప్పుతోనే మొదలుపెట్టుదుము.

మూడేండ్ల క్రిందట, మేము నిర్వాహక సంఘములో సభ్యులముగా నున్న ఒక పాఠశాలలో, ఎనిమిదవ తరగతి పిల్లలిద్దరు ఇంటినుండి తెచ్చిన దగ్గుమందు సీసాను పందెము వేసికొని చెరిసగము త్రాగిరి. ఇద్దరును మధ్యాహ్నము వరకు బల్లపై తలవాల్చి నిద్రపోయిరి. పెద్ద ప్రమాదము కాలేదు గాని తల్లిదండ్రులలో గగ్గోలు పుట్టినది. తరువాతి సమావేశములో ఒక సభ్యుడు లేచి, ఇకమీదట ఏ విద్యార్థి సంచిలోను ఏ మందును ఉండరాదనియు, తెచ్చినదానిని కార్యాలయమున అప్పగింపవలెననియు, అది బీరువాలో పెట్టి తాళము వేయబడవలెననియు ప్రతిపాదించెను. సభ ఏకగ్రీవముగా అంగీకరించినది. ఆ సభ్యుడు మరెవరో కాదు, మేమే. గల్లాపెట్టెకు ఒక తాళము, ఒక తాళపుచెవి, ఒక బాధ్యుడు ఉన్నచో లెక్క తప్పదని మా వర్తకుల నమ్మకము. మందుకును అదే సూత్రము పనికివచ్చునని తలచితిమి.

గత ఫిబ్రవరిలో ఆ బడి మైదానమును ఆటల పోటీలకై చదును చేయుచుండిరి. ధూళి లేచినది. ఐదవ తరగతి బాలుడొకడు, మనవారిలో దర్జీ పని చేసికొను ఒకరి కుమారుడు, దగ్గుటకు మొదలిడెను. కొంతసేపటికి రొమ్ములో ఈల వేసినట్లు ఊపిరి వినవచ్చినది. వానికి పసితనమునుండియు ఉబ్బసము. పీల్చు మందు వానికి కలదు. అది మా తీర్మానము ప్రకారము బీరువాలో భద్రముగా నున్నది. తాళపుచెవి గుమాస్తా జేబులో నున్నది. గుమాస్తా బ్యాంకు పనిమీద వెళ్ళియుండెను. ఫోను చేసిరి, ఆయనకు వినబడలేదు. ప్రక్క గదిలోని మరియొక తాళపుచెవుల గుత్తిని తెచ్చి ఒక్కొక్కటియే పెట్టి చూచిరి. అంతలో బాలుడు మాట పూర్తి చేయలేని స్థితికి వచ్చెను. సైన్సు చెప్పు ఉపాధ్యాయుడు ఇక ఆగక వానిని స్కూటరుపై వెనుక ఒక పెద్ద పిల్లవానిని ఆసరాగా కూర్చుండబెట్టి ఆసుపత్రికి కొనిపోయెను. అచ్చట ముఖమునకు తొడుగు పెట్టి మందు ఆవిరి పట్టిరి. పిల్లవాడు తేరుకొనెను. సాయంకాలమునకు ఇల్లు చేరెను.

మరునాడు వాని తండ్రి మా దుకాణమునకు వచ్చినాడు. నిష్ఠురములాడునని ఎదురుచూచితిమి. ఆయన గొంతు కూడ హెచ్చింపలేదు. "సావుకారుగారూ, తాళం గుమాస్తాగారి దగ్గర ఉందని మాకు ముందే తెలిస్తే, రెండో మందు డబ్బా కొని వాడి జేబులోనే పెట్టేవాళ్ళం కదండీ. దొంగతనంగానైనా పెట్టేవాళ్ళం" అని మాత్రము అనెను. ఈ మాట మమ్ము ఇప్పటికిని వదలలేదు. బిడ్డ ఊపిరి నిలుపుకొనుటకు తండ్రి దొంగతనము చేయవలసిన నియమమును మేము వ్రాసితిమన్నమాట.

ఉబ్బసపు మందులలో రెండు విధములున్నవని మాకు అటుపిమ్మట గాని తెలియలేదు. ఒకటి ఊపిరితిత్తుల గొట్టములలో వాపు రాకుండ ప్రతిదినము పీల్చవలసినది. అది ఉదయము, రాత్రి ఇంటిలోనే తీసికొనవచ్చును, బడికి తేనక్కరలేదు. రెండవది సాల్బుటమాల్ వంటిది, ఆయాసము వచ్చినపుడు బిగుసుకొన్న గొట్టములను నిమిషములలో వదులుచేయునది. రెండవదానిని బీరువాలో పెట్టుట, నిప్పు అంటుకొన్న ఇంటికి వీధి చివర నూతినీరు చూపుట వంటిది. దానిని చిన్నపిల్లలు నేరుగా నోటిలో పెట్టుకొని పీల్చిన మందు చాలవరకు గొంతులోనే నిలిచిపోవును. స్పేసరు అను బుడ్డివంటి గొట్టమును తగిలించి నెమ్మదిగా పీల్చినచో లోపలికి చేరును. ఆ గొట్టము కూడ సంచిలో నుండవలెను.

ఇంకొక మాట. మన ఇండ్లలో ఈ పీల్చు మందనిన భయము. "అది మొదలుపెడితే అలవాటైపోతుంది, మాత్రలే నయం" అను పెద్దలు ప్రతి వీధిలోను ఉన్నారు. మేమును అట్లే అనుకొనెడివారము. సాల్బుటమాల్ ఒక పీల్పులో వచ్చు మందు 100 మైక్రోగ్రాములు. అదే మందు మాత్ర రూపమున 2 మిల్లీగ్రాములు, అనగా ఇరువది పీల్పుల మందు ఒక్క చిన్న మాత్రలో కడుపులోనికి పోవుచున్నది. లెక్కలు తెలిసిన వర్తకులకు ఇంతకన్న చెప్పనక్కరలేదు. మందు తిన్నగా రొమ్ములోనికి పోవుటచే అంత స్వల్పము సరిపోవుచున్నది.

తాళపుచెవి కథ ఇంతటితో ముగియలేదు. ఆ బాలుని తల్లి అంతకు నాలుగు నెలల ముందే, బడి తెరచిన వారములో, వాని జబ్బును గూర్చి తరగతి ఉపాధ్యాయినికి ఒక ఉత్తరము వ్రాసి పంపినది. చక్కని తెలుగు. ఆయాసము వచ్చు గుర్తులేవో, మందు ఎన్ని పీల్పులో, తమ ఫోను నంబరేదో అన్నియు అందులో నున్నవి. ఆ ఉత్తరము ఉపాధ్యాయిని సొరుగులో మడత విప్పినట్లే విప్పి మరల మడిచి యుంచబడినది. ఆమె ఒడియా సోదరి, తెలుగు మాటలాడగలదు గాని అక్షరములెరుగదు. పై తరగతిలోని ఒక తెలుగు పిల్లను పిలిచి చదువుమనెనట. ఆ పిల్లయు ఒడియా మాధ్యమములో చదువుకొన్నది. తెలుగు అక్షరములు కూడబలుక్కొని రెండు పంక్తులు చదివి, "జ్వరమని వ్రాసినారు" అని చెప్పి వెళ్ళిపోయినదట. ఉపాధ్యాయినిని మేము తప్పుపట్టజాలము. ఆమె ఒక ఉత్తరము చదివించుకొనుటకు చేయదగిన ప్రయత్నము చేసినది. ఆ పిల్లను తప్పుపట్టుట మరియు పాపము. మన బిడ్డలకు మన అక్షరములు రానీయనివారము మనమే.

1936 ఏప్రిల్ 1వ తేదీన గంజాము మద్రాసు రాజధానినుండి విడివడి ఒరిస్సాలో చేరినది. ఆనాటి మన తాతలు పత్రములన్నియు తెలుగులోనే వ్రాసికొనెడివారు. వారి మనుమలమైన మనము బజారులో ఒడియా ధారాళముగా మాటలాడుదుము. కాని బరంపురము పెద్దబజారులో ఎన్ని తెలుగు ఇండ్లలోని తల్లులు ఒడియాలో నాలుగు పంక్తుల ఉత్తరము వ్రాయగలరు? ఎన్ని ఇండ్లలోని పిల్లలు తెలుగులో ఆ నాలుగు పంక్తులు చదువగలరు? తల్లికి ఒక లిపి, బిడ్డకు ఒక లిపి, మందు సీసాపై మూడవ లిపి. రాజ్యాంగములో 1956లో చేర్చిన 350-ఎ అధికరణమును ఉటంకించి ప్రాథమిక విద్య మాతృభాషలో కావలెనని మన సంఘము ఎన్ని విజ్ఞప్తులు పంపినదో మా దస్త్రములో కలవు. అవి పంపవలసినవే, ఇకముందును పంపుదుము. ఆ విజ్ఞప్తులలో ఒక్కదానిలోనైనను, చదువురాని ఉత్తరము వలన ఒక బిడ్డ ఊపిరికి ముప్పు వచ్చునని మనము వ్రాయలేదు. మనకే తోచలేదు.

మేము ఇచ్ఛాపురమునకు పది బస్తాల సరుకు పంపినను చలాను లేక బండిని కదలనీయము. సరుకేమిటి, బరువెంత, ఎవరికి చేరవలెను, తడిసిన చెడునదా, పగులునదా, అన్నియు అందులో నుండును. అది చేరవలసినవాడు చదువగల భాషలోనే వ్రాయుదుము, మన కిష్టమైన భాషలో కాదు. బిడ్డను బడికి పంపునపుడు మాత్రము, చిరిగిన కాగితపు ముక్కలో రెండు మాత్రలు పొట్లము కట్టి, "అన్నం తిన్నాక వేసుకో" అని చెప్పి పంపుదుము. ఆ పొట్లము మీద పేరు లేదు, మందు పేరు లేదు. ఒకే బల్లపై కూర్చున్న ఇద్దరు పిల్లల పొట్లములు తారుమారైనచో కనిపెట్టువారు లేరు. సీసా మందు పంపినచో "ఒక చెంచా" అందుము. వైద్యుని చెంచా 5 మిల్లీలీటర్లు. మధ్యాహ్న భోజనపు వంటశాలలోని చెంచా ఎంతో ఎవరు కొలిచినారు? సీసాతో వచ్చు కొలత మూతను గాని, సూది లేని సిరంజిని గాని దానితోడనే పంపవలెను.

ఇచ్చట వైద్యులొకరు మాకు చెప్పిన ఉపాయమొకటి చాల పొదుపైనది. రోజునకు మూడు మార్లు అని వ్రాసిన మందులలో పెక్కింటిని ఉదయము బడికి పోవునపుడు, బడినుండి వచ్చినంతనే, పరుండబోవునపుడు ఇచ్చుకొనవచ్చును. కొన్నిటికి బదులుగా రెండు మార్లు వేయదగిన మందు దొరకును. మందు వ్రాయించుకొనునపుడే "పిల్ల బడికి పోతుందండీ" అని ఒక్కమాట వైద్యునితో చెప్పినచో, సగము మందులు బడి గడప దాటనక్కరలేదు. ఆ మాట మనము చెప్పము. వైద్యుడు అడుగడు. చీటీ తీసికొని గబగబ వచ్చివేయుదుము.

ఇక మేము వ్రాయుటకు సంకోచించిన విషయమునకు వచ్చెదము. మాకు ఎరుకైన ఒక ఇంటిలో పదమూడేండ్ల బాలికకు మధుమేహము. పెద్దలకు వచ్చునది కాదు, పిల్లలకు వచ్చు మొదటి రకము. ఇందులో శరీరమే తన క్లోమములో ఇన్సులిన్ తయారుచేయు కణములను చెరుపుకొనును. అది తీపి తిన్నందున వచ్చినది కాదు. కాకరకాయ రసమునకు, కషాయములకు పోవునది కాదు. 1922 జనవరిలో టొరంటో నగరమున ఒక 14 ఏండ్ల బాలునికి మొట్టమొదట ఇన్సులిన్ ఇచ్చువరకు, ఈ జబ్బు వచ్చిన పిల్లలు కృశించి మరణించుటయే గాని వేరు గతి లేకుండెను. నేడు ఇన్సులిన్ వేళకు వేసికొను పిల్ల చదువగలదు, పరుగెత్తగలదు, ఉద్యోగము చేయగలదు, పిల్లలను కనగలదు. కాని దినమునకు పలుమార్లు సూది తప్పదు. అందులో ఒకటి సాధారణముగ మధ్యాహ్న భోజన సమయమున, అనగా బడిలో.

ఆ ఇంటివారు బడిలో ఎవరికిని చెప్పలేదు. బాలిక మధ్యాహ్నపు సూదిని మరుగుదొడ్డిలో తలుపు వేసికొని వేసికొనుచుండెను. తలుపునకు గడియ లేని దినమున మానివేయుచుండెను. ఒకనాడు సూది వేసికొన్నది గాని, గంట కొట్టినందున అన్నము సగములో వదలి తరగతికి పోయినది. చెమటలు పట్టినవి, చేతులు వణికినవి, పిలిచిన పలుకక బల్లపై ఒరిగినది. రాత్రి ఫోను చూచి మేలుకొని తరగతిలో నిద్రించుచున్నదని ఉపాధ్యాయుడు నిలుచుండబెట్టెను. సంచిలో బిస్కత్తులుండగా అవి కూడ తీసివేసెను. తరగతిలో తినరాదని నియమము గదా. అదృష్టవశమున ప్రక్కనున్న స్నేహితురాలికి రహస్యము తెలియును. ఆమె పరుగున వంటశాలకు పోయి చక్కెర తెచ్చినది.

రక్తములో చక్కెర డెసిలీటరునకు 70 మిల్లీగ్రాములకు దిగినపుడు కానవచ్చు గుర్తులివియే: చెమట, వణుకు, ఆకలి, విసుగు, మాట తడబాటు, మత్తు. చూచువారికి అది సోమరితనముగనో పొగరుగనో తోచును. అట్టి సమయమున 15 గ్రాముల చక్కెర, అనగా మూడు చిన్న చెంచాలు, నీటిలో కలిపి త్రాగించి 15 నిమిషములు చూడవలెను. తేరుకొననిచో మరల ఇయ్యవలెను. బిస్కత్తు కన్న చక్కెర నీరు త్వరగా పనిచేయును. తెలివి తప్పినచో మాత్రము నోటిలో ఏమియు పోయరాదు, అది ఊపిరితిత్తులలోనికి పోవును. ఒరగిలబెట్టి తక్షణమే ఆసుపత్రికి కొనిపోవలెను. ఈ నాలుగు మాటలు తెలిసియున్నచో ఆ ఉపాధ్యాయుడు పిల్లను నిలుచుండబెట్టియుండడు. ఆయన దయలేనివాడు కాడు, తెలియనివాడు.

మేము ఆ ఇంటికి పోయి, బడిలో చెప్పుడని కోరితిమి. బాలిక తండ్రి తల వంచుకొనెను. మామ్మగారు చేతులు జోడించి మాతో అన్న మాట ఇది: "బాబూ, నీకు దండం పెడతాను. బడిలో చెబితే బజారంతా చెప్పినట్టే. రేపు దీనికి సంబంధం చూడాలి. ఈ మాట ఇచ్ఛాపురం దాకా పాకిందంటే మా గడప ఎవరు తొక్కుతారు?"

మేము వెంటనే బదులు చెప్పలేకపోతిమి. మాకును ఇద్దరాడపిల్లలు. సంబంధములు చూచునపుడు ఎదుటివారి ఇంట ఏ జబ్బులున్నవో కూపీ తీయు పెద్దలలో మేమును ఒకరము. ఆమె భయము అబద్ధమని చెప్పుటకు మాకు నోరు రాలేదు, ఏలయనగా ఆ భయమును పెంచినది మన సంఘములోని మనవంటి ఇండ్లే. చివరకు చెప్పగలిగినది ఇంతే: "అమ్మా, సంబంధం పదేండ్ల తరువాత మాట. సూది రేపటి మాట." ఆమె సమ్మతించినదని వ్రాయుటకు వీలులేదు. ఎంతో ముచ్చటించిన పిదప, తరగతి ఉపాధ్యాయిని ఒక్కరికి మాత్రము చెప్పుటకు ఒప్పుకొనిరి. ఆ ఉపాధ్యాయిని తన గదిలో ఒక కుర్చీయు, ఒక తెరయు ఏర్పాటు చేసినది. బాలిక ఇప్పుడు అచ్చట సూది వేసికొనుచున్నది. మరుగుదొడ్డికన్న అది మేలు. దానితో మాకు తృప్తి కలుగలేదు గాని, పిల్ల మధ్యాహ్నపు సూది మానుట మానినది.

ఇందువలన ఉపాధ్యాయులకును ఒక మాట చెప్పక తప్పదు. నమ్మి చెప్పిన జబ్బును తరగతిలో అందరియెదుట ప్రకటింపరాదు. "వీడికి జబ్బున్నది, వీనిని తోయకండి" అని మంచి మనసుతో అన్నను, ఆ మరునాటినుండి వానిప్రక్క ఎవరును కూర్చుండరు. రహస్యము నిలుచునను నమ్మకము లేనంతకాలము మామ్మగార్లు చెప్పనియ్యరు.

వేసవి రాగానే మన రాష్ట్రమున ఉదయపు బడులు వచ్చును. ఇన్సులిన్ వేసికొను పిల్లకు ఇది చిన్న మార్పు కాదు. ఎనిమిదింటికి సూది, ఫలహారము అను క్రమము ఒక్కమారుగా ఆరింటికి జరుగును. వైద్యునితో మాటలాడక వేళ మార్చుకొనరాదు. మరియు ఎండ. వాడుకలో లేని ఇన్సులిన్ సీసాలు 2నుండి 8 డిగ్రీల చల్లదనమున ఉండవలెను, గడ్డకట్టరాదు. వాడుచున్న సీసా సాధారణపు వేడిలో ఇంచుమించు నాలుగు వారములు నిలుచును గాని, మన ఏప్రిల్ ఎండలో సంచిలో నున్నది చెడును. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపురము వద్ద తీరము దాటిన పిదప పలు దినములు ఊరిలో విద్యుత్తు లేకుండెను. అప్పుడు తడి ఇసుకలో మట్టికుండ పెట్టి మందు కాపాడుకొన్నవారున్నారు. బడిలో శీతలయంత్రము లేకున్నను ఒక మట్టికుండ, తడిగుడ్డ ఉండలేవా?

మూర్ఛ విషయము క్లుప్తముగా చెప్పి ముగింతుము. తాళపుచెవుల గుత్తి చేతిలో పెట్టుట, ఉల్లిపాయ వాసన చూపుట, నోటిలో చెంచా దూర్చుట మన బడులలో ఇంకను జరుగుచున్నవి. ఇనుమువలన మూర్ఛ ఆగదు, చెంచావలన పండ్లు విరుగును. తల క్రింద మెత్తని గుడ్డ పెట్టి, ఒక ప్రక్కకు ఒరిగించి, గడియారము చూచుచుండవలెను. అయిదు నిమిషములు దాటినను, ఆగి మరల వచ్చినను ఆసుపత్రికి. ఇంటిలో వేయు మాత్రను ఒక్క పూటయు తప్పరాదు.

బడిలో ప్రభుత్వము వారానికొకసారి ఇచ్చు ఇనుము, ఫోలిక్ ఆమ్లపు మాత్రలను గూర్చి చాలమందికి తెలియని సంగతి యొకటి. ఇవి రక్తహీనత గల పిల్లలకు మేలు చేయునవి, మానిపింపవలదు. ఖాళీ కడుపున కాక అన్నము తిన్న పిదప వేసికొన్నచో వికారము తక్కువ. మలము నల్లగా వచ్చుట సహజము, దానికి భయపడి మాన్పించు ఇండ్లున్నవి. కాని థలసేమియా పిల్లలకును, కొడవలి కణముల జబ్బు గల పిల్లలకును వైద్యుని అనుమతి లేక ఇనుము ఇయ్యరాదు. తరచు రక్తము ఎక్కించుకొను బిడ్డ శరీరములో ఇనుము అప్పటికే పేరుకొనియుండును. వరుసలో నిలుచుండబెట్టి అందరికి మాత్ర ఇచ్చునపుడు ఆ ఒక్క బిడ్డను వేరుచేయగలవాడు ఎవడు, తండ్రి ముందుగా వ్రాసి యియ్యనిచో? కొడవలి కణముల జబ్బు గల పిల్లకు నీరు మాటిమాటికి త్రాగనియ్యవలెను, ఎండలో నిలుచుండబెట్టు శిక్ష వేయరాదు. కోరాపుట్, రాయగడలలో వ్యాపారము చేయు మన బంధువులు ఈ మాట తప్పక గమనింపవలెను.

ఉపాధ్యాయుల వాదమును మేము తేలికగా త్రోసిపుచ్చజాలము. "అయ్యా, మేము వైద్యులము కాము. జనాభా లెక్కలు మాకే, ఎన్నికల పని మాకే, భోజనపు లెక్కలు మాకే. ఇక మందులు కూడ ఇచ్చి, ఏదైన జరిగిన కోర్టుకు మేమే పోవలెనా?" అని ఒక ప్రధానోపాధ్యాయులు మా మొగముననే అడిగిరి. న్యాయమైన ప్రశ్న. ఉపాధ్యాయుడు తన బుద్ధికి తోచి జ్వరపు మాత్రయైనను ఇయ్యవలదు. వైద్యుడు వ్రాసినది, తల్లిదండ్రులు సంతకము చేసి యిచ్చినది, వ్రాసిన మోతాదులో వ్రాసిన వేళకు ఇచ్చి, పుస్తకములో గుర్తు పెట్టుటయే ఆయన పని. సూది ఆయన వేయనక్కరలేదు. అలవాటైన పిల్ల తానే వేసికొనగలదు, పెద్దలొకరు దగ్గరనుండి మోతాదు చూచిన చాలును. మరీ చిన్నపిల్లలకైనచో తల్లియో తండ్రియో మధ్యాహ్నము వచ్చిపోవలెను. దుకాణములు గల మనకు అరగంట దొరకదా? కూలిపని చేయు తల్లికి దొరకదు, అచ్చటనే సంఘము ఆలోచింపవలెను.

పై అధికారులకును ఇది క్రొత్త సంగతి కాదు. కేంద్రీయ మాధ్యమిక విద్యామండలి 2017లోనే మధుమేహము గల విద్యార్థులు పరీక్షా మందిరములోనికి తినుబండారములు తీసికొనిపోవుటకు అనుమతించినది. 2023లో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ సంఘము, మొదటి రకపు మధుమేహము గల పిల్లలు తరగతిలోను పరీక్షలలోను చక్కెర పరీక్ష చేసికొనుటకు, ఇన్సులిన్ వేసికొనుటకు, వైద్యుడు చెప్పిన వేళకు తినుటకు అనుమతింపవలెనని రాష్ట్రములకు వ్రాసినది. పుట్టుకనుండి 18 ఏండ్లవరకు పిల్లలను పరీక్షించు రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము 2013నుండి నడచుచున్నది. వైద్యబృందము బడికి వచ్చిన దినమున జబ్బును దాచి, "మావాడు బాగానే ఉన్నాడు" అని వ్రాయించు తండ్రులను మేము చూచితిమి.

కావున మేము రెండు పనులకు పూనుకొనుచున్నాము. మొదటిది మా తప్పు దిద్దుకొనుట. రాబోవు నిర్వాహక సమావేశములో మా పాత తీర్మానమును మేమే రద్దు చేయగోరుచు నోటీసు ఇచ్చియున్నాము. ప్రాణము నిలుపు మందు, అనగా ఆయాసపు మందు, ఇన్సులిన్, చక్కెర, పిల్లవాని వద్దనో, మరీ చిన్నవాడైనచో తాళము లేని తరగతి సొరుగులోనో ఉండవలెనని మా ప్రతిపాదన. తక్కిన మందులు బీరువాలో నుండుగాక, కాని దానికి రెండు తాళపుచెవులు, రెండు చేతులలో. దగ్గుమందు పందెములు మరల జరుగవచ్చునని కొందరు సభ్యులు ఇప్పటికే అనుచున్నారు. జరుగవచ్చును. రెండింటిలో ఏది పెద్ద ప్రమాదమో మేము కన్నులారా చూచితిమి.

రెండవది ఒక అరఠావు పత్రము. పైన ఒడియా, క్రింద తెలుగు, మందు పేరు మాత్రము ఇంగ్లీషు అక్షరములలో, సీసామీద నున్నట్లే. బిడ్డ పేరు, జబ్బు పేరు, ప్రమాదపు గుర్తులు, ఏమి చేయవలెను, ఏమి చేయరాదు, ఇయ్యరాని మందులు, ఇద్దరు పెద్దల ఫోను నంబర్లు, వైద్యుని సంతకము. మూడు ప్రతులు: ఒకటి తరగతి ఉపాధ్యాయునికి, ఒకటి కార్యాలయమునకు, ఒకటి పిల్ల సంచిలోనికి. ఏడాదికొకసారి బడి తెరచునపుడు క్రొత్తది వ్రాయవలెను, మోతాదు మారినపుడెల్ల దిద్దవలెను. మొదటి 200 పత్రముల ముద్రణ వ్యయము మా దుకాణము భరించును. చక్కెర పరీక్ష చేయు యంత్రములు, వాని పట్టీలు కొనలేని ఇండ్లు మనలో కలవు. ఠాకురాణీ జాతరకు రెండేండ్లకొకమారు ధారాళముగ చందాలు వ్రాయు పెద్దబజారు వర్తకమిత్రులు ఈ పద్దు కూడ తమ పుస్తకములలో తెరువవలెనని కోరుచున్నాము. ఇచ్చినవారి పేర్లు ఈ పత్రికలో అచ్చగును, పుచ్చుకొన్నవారి పేర్లు ఎచ్చటను అచ్చుకావు.

వచ్చే రెండు ఆదివారములు ఉదయము తొమ్మిదినుండి పన్నెండు వరకు సంఘ కార్యాలయములో ఒడియా, తెలుగు రెండును వ్రాయగల ఉపాధ్యాయులిద్దరు కూర్చుందురు. వైద్యుని చీటీతోబాటు మందు పెట్టెను, కొలత మూతను కూడ తీసికొనిరండు. నోటితో చెప్పిన చాలును, వారు వ్రాసి చదివి వినిపింతురు. నలుగురిలో చెప్పుటకు ఇష్టము లేనివారికి లోపలి గది కలదు. వెనుక సందునుండి కూడ దానికి ద్వారమున్నది.